పాత కంప్యూటర్లలో అంతర్జాల లోపాలు – అవగాహన

నేపథ్యం

భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ద్వారా ప్రారంభమయ్యాయి. ఫోన్ తీగ మీద నడిచిన నాటి డయలప్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగం ఉన్న సేవనే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. ఈ పరిమితి 2013లో 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగింది. ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు ఈ మూడు అంకెలను సంవత్సరాలతో జతపరిచి కంఠస్థం చేయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ దృశా తంతువు ద్వారా అంతర్జాలం అందించే ఉద్దేశంతో 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ ఏర్పడింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. ఆ కార్యక్రమానికి వేదిక గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలోని వెలగపూడి. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు నెట్, టీవీ, ఫోన్ మూడింటినీ ఒకే తంతువు మీద ఇవ్వడం, నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తంతువును లాగడం ఈ పథకం ప్రధాన లక్షణాలు.

పత్తి, మిర్చి పండే నల్లరేగడి ప్రాంతం నడుమ ఉన్న తుళ్లూరు మండలంలోనే నేడు వెలగపూడి సచివాలయం, నేలపాడు హైకోర్టు ఉన్నాయి. స్తంభం మీద తీగ కొత్తది. ఇళ్లలో, నెట్ సెంటర్లలో, చదువు గదుల్లో ఉన్న కంప్యూటర్లలో కొన్ని ఇంకా విండోస్ 7 కాలం నాటివి. ఈ అంశంలోని అసలు చిక్కు ఈ అంతరం నుంచే పుడుతుంది.

నిర్వచనం, వర్గీకరణ

నిర్వాహక వ్యవస్థకు తయారీ సంస్థ మద్దతు ముగిసిన యంత్రాన్ని ఇక్కడ పాత కంప్యూటర్‌గా పరిగణిస్తున్నాం. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలై, మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. విండోస్ 7 విడుదల 2009 అక్టోబరు 22, ముగింపు 2020 జనవరి 14. విండోస్ 8.1 ముగింపు 2023 జనవరి 10. విండోస్ 10 విడుదల 2015 జులై 29, ముగింపు 2025 అక్టోబరు 14. అంటే 2015లో కొని, విండోస్ 10తో నడుస్తున్న యంత్రం కూడా ఇప్పుడు ఈ నిర్వచనం కిందికే వస్తుంది.

లోపాలు రెండు రకాలు. సంకేతం కంప్యూటర్ వరకు చేరకపోవడం అనుసంధాన లోపం. సంకేతం చేరినా యంత్రం దాన్ని వాడుకోలేకపోవడం అనుకూలతా లోపం. నెట్ సెంటర్ భాషలో మొదటిది ‘నెట్ రావట్లేదు’, రెండోది ‘నెట్ ఉంది గానీ సైటు ఓపెన్ అవట్లేదు’. ఈ రెండు వాక్యాలను ఒకటిగా వినడం వల్లే సగం శ్రమ వృథా అవుతుంది. రెండో రకం లోపానికి స్తంభం ఎక్కించి తీగ మార్పిస్తే ఫలితం ఉండదు.

ఏ రకమో తేల్చే పరీక్ష తేలికైనది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే రౌటర్ వైఫైకి కలిపి, అదే సైటు తెరవాలి. ఫోన్‌లోనూ తెరుచుకోకపోతే లోపం తీగలోనో, తీగ వచ్చి చేరే పెట్టెలోనో, సైటులోనో ఉంది. మరో సైటు తెరిచి చూస్తే మూడోది తేలిపోతుంది. ఫోన్‌లో తెరుచుకుంటే లోపం కంప్యూటర్ వైపు, లేదా రౌటర్ నుంచి దాని వరకు ఉన్న కేబుల్‌లో ఉంది. ఈ పరీక్ష పూర్తయ్యేవరకు ఏ సెట్టింగునూ మార్చకూడదు.

స్తర విధానం

అంతర్జాతీయ ప్రామాణీకరణ సంస్థ 1984లో ప్రకటించిన ఓఎస్ఐ నమూనాలో 7 స్తరాలు ఉన్నాయి: భౌతిక, దత్తాంశ సంధాన, నెట్‌వర్క్, రవాణా, సెషన్, ప్రెజెంటేషన్, అనువర్తన స్తరాలు. కింది స్తరం పనిచేస్తేనే పై స్తరం పనిచేస్తుంది. అందువల్ల లోపాన్ని కింది నుంచి పైకి వెతకాలి. తీగ, కార్డు, చిరునామా, పేరు, తేదీ, బ్రౌజర్ అనే వరుసను గుర్తుంచుకుంటే చాలు.

భౌతిక స్తరం: తంతువు, పెట్టె, కేబుల్

దృశా తంతువు సంపూర్ణాంతర పరావర్తనం అనే సూత్రం మీద పనిచేస్తుంది. ఇంటింటి ఫైబర్‌లో విరివిగా వాడే జీపాన్ ప్రమాణంలో కిందికి వచ్చే సంకేతం తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, పైకి వెళ్లేది 1310 నానోమీటర్లు. గరిష్ఠ వేగం కిందికి సెకనుకు 2.488 గిగాబిట్లు, పైకి 1.244 గిగాబిట్లు. ఈ రెండు తరంగదైర్ఘ్యాలూ పరారుణ శ్రేణిలో ఉంటాయి కాబట్టి కంటికి కనిపించవు. ఊడిన తంతువు కొనను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడటం ప్రమాదకరం.

గోడకు ఉన్న పెట్టె మీద ‘పాన్’ దీపం నిలకడగా వెలిగితే కాంతి అందుతున్నట్లు. ‘ఎల్ఓఎస్’ దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. ఆ పరిస్థితిలో కంప్యూటర్‌లో చేయగలిగింది ఏమీ లేదు. తంతువు మడత పడిందేమో చూసి, ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి. తంతువును రాగి తీగలా బిగించి మేకుకు చుట్టకూడదు. వంపు ఎక్కువైనచోట కాంతి బయటికి జారి సంకేత శక్తి పడిపోతుంది. ఇంటి పెట్టెలకు సాధారణంగా మైనస్ 27 డీబీఎం వరకు శక్తి అందితే చాలు. అంతకంటే తగ్గితే ‘వస్తూ పోతూ ఉంది’ అనే ఫిర్యాదు మొదలవుతుంది. స్తంభాల మీద వేలాడే తంతువుకు వేసవి ఈదురుగాలులు, విరిగిపడే కొమ్మలు సహజ శత్రువులు. నిర్మాణాలు జరిగేచోట స్తంభాలు జరపడం, పొక్లెయిన్‌తో తవ్వడం మరో కారణం.

పెట్టె నుంచి కంప్యూటర్‌కు వెళ్లే కేబుల్ కొసన ఉండే ఆర్‌జే 45 ప్లగ్‌లో 8 పిన్నులు ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల ఫాస్ట్ ఈథర్‌నెట్‌కు 1, 2, 3, 6 పిన్నులు సరిపోతాయి. 1999 నాటి గిగాబిట్ ప్రమాణానికి 8 పిన్నులూ కావాలి. రాగి కేబుల్ గరిష్ఠ పొడవు 100 మీటర్లు. చిన్న లోపమే అయినా ఎక్కువగా కనిపించేది ప్లగ్ క్లిప్ విరగడం. క్లిప్ లేని ప్లగ్ చూపుకు అమరినట్లే ఉంటుంది, బల్ల కదిలితే వదులవుతుంది. కంప్యూటర్ వెనుక కార్డు దగ్గర దీపం వెలగకపోతే ముందు మరో కేబుల్‌తో పరీక్షించాలి. ఎలుక కొరికిన కేబుల్ పైపొర కింద తెగి ఉండవచ్చు. చేతితో తడిమితేనే తెలుస్తుంది.

పత్తి తీతల రోజుల్లో గాలిలో తేలే నూగు, రోడ్డు దుమ్ము కలిసి పాత యంత్రాల ఫ్యాన్లను కప్పేస్తాయి. వేడెక్కిన రౌటర్, కంప్యూటర్ మధ్యాహ్నం మొరాయించి, రాత్రి సక్రమంగా పనిచేస్తే నింద నెట్ మీద వేయడానికి ముందు బ్రష్‌తో దుమ్ము దులపాలి. పిడుగుల కాలంలో కరెంటు ప్లగ్‌తోపాటు నెట్ కేబుల్‌నూ తీసేయాలి. రాగి కేబుల్ ద్వారా వచ్చిన అధిక విద్యుత్ కార్డును కాల్చేసిన సందర్భాల్లో యంత్రం మిగతా అన్ని పనులూ చేస్తూనే ఉంటుంది, ఒక్క నెట్ మాత్రమే రాదు.

కార్డు, డ్రైవర్, వైఫై

నెట్‌వర్క్ కార్డుకు 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. కార్డును నిర్వాహక వ్యవస్థకు పరిచయం చేసే ప్రోగ్రామ్ పేరు డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు గుర్తు కనిపిస్తే డ్రైవర్ లోపం. కిందికి చూపే బాణం కనిపిస్తే కార్డును ఎవరో ఆపివేశారు. విండోస్‌ను కొత్తగా ఎక్కించిన తర్వాత నెట్ పోతే మొదట అనుమానించాల్సింది డ్రైవర్‌నే. నెట్ లేనిదే డ్రైవర్ దొరకదు, డ్రైవర్ లేనిదే నెట్ రాదు. ఈ ముడిని విప్పే సాధనం ఫోన్. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిన డ్రైవర్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చు. లేదా యూఎస్‌బీ టెదరింగ్ ద్వారా ఫోన్ డేటానే తాత్కాలికంగా వాడవచ్చు. విండోస్ 7, ఆ తర్వాతి వ్యవస్థలు టెదరింగ్‌ను చాలావరకు వాటంతట అవే గుర్తిస్తాయి.

వైఫై ప్రమాణాల కాలక్రమం ఇది: 802.11బి 1999లో సెకనుకు 11 మెగాబిట్లతో, జి 2003లో 54 మెగాబిట్లతో వచ్చాయి. ఎన్ 2009లో, ఏసీ 2013లో, వైఫై 6 పేరుతో ఏఎక్స్ 2021లో ఆమోదం పొందాయి. బి, జి కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని మాత్రమే వినగలవు. కొత్త రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లోనే ప్రసారం చేస్తుంటే పాత ల్యాప్‌టాప్ జాబితాలో ఆ పేరే కనిపించదు. పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరైనదైనా కలవకపోతే భద్రతా విధానాన్ని పరిశీలించాలి. డబ్ల్యూపీఏ 2003, డబ్ల్యూపీఏ 2 2004, డబ్ల్యూపీఏ 3 2018 నాటివి. మూడోదానికి మాత్రమే అమర్చిన రౌటర్ పాత కార్డులను లోపలికి రానివ్వదు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ 2 ఎంచుకుని, ఒకదానిపై ఒకటి పడని 1, 6, 11 చానళ్లలో ఒకటి కేటాయించడం పరిష్కారం. కేబుల్ అందేంత దూరంలో ఉన్న పాత యంత్రానికి ఈ శ్రమే అనవసరం, కేబులే మేలు.

చిరునామా, పేరు

ఐపీ నాలుగో రూపాంతరపు చిరునామా 32 బిట్లు, ఆరోది 128 బిట్లు. ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ ప్రతి యంత్రానికీ డీహెచ్‌సీపీ పద్ధతిలో చిరునామా పంచుతుంది. దీని పోర్టు సంఖ్యలు 67, 68. ప్రైవేటు చిరునామాలు 10, 172.16 నుంచి 172.31, 192.168 అనే మూడు శ్రేణుల్లో ఉంటాయి.

కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశం ఇచ్చినప్పుడు 192.168తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే రౌటర్ పలికినట్లు. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి జవాబు రాక యంత్రం తనకు తానే చిరునామా పెట్టుకుందని అర్థం. ఈ ఒక్క అంకె అనేక గంటల వెతుకులాటను ఆదా చేస్తుంది. రౌటర్‌ను ఆపి, అర నిమిషం తర్వాత ఆన్ చేసి, ఐపీకాన్ఫిగ్‌కు రిలీజ్, రెన్యూ జోడించి మళ్లీ అడగాలి. వేరే చోట వాడి తెచ్చిన యంత్రంలో చిరునామా చేతితో నింపి ఉండవచ్చు. దాన్ని ‘ఆటోమేటిక్’కు మార్చాలి.

యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో డయలర్ తెరిచి కలిపే సేవల్లో దోష సంఖ్యలు ముఖ్యం. 691 అంటే యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తిరస్కరణ. ఎక్స్‌పీలో 678, విండోస్ 7లో 651 అంటే అవతలి వైపు నుంచి స్పందన లేదు.

తర్వాతి సాధనం పింగ్. దీన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశారు. విండోస్‌లో ఇది ఒక్కొక్కటి 32 బైట్ల చొప్పున 4 ప్యాకెట్లు పంపుతుంది. మొదట 127.0.0.1, తర్వాత ఐపీకాన్ఫిగ్‌లో గేట్‌వేగా కనిపించిన చిరునామా, చివరగా 8.8.8.8, ఈ వరుసలో పింగ్ చేయాలి. మొదటిది విఫలమైతే లోపం నిర్వాహక వ్యవస్థలో, రెండోది విఫలమైతే కేబుల్‌లో లేదా కార్డులో, మూడోది మాత్రమే విఫలమైతే రౌటర్‌కు అవతల ఉంది.

అంకెలకు జవాబు వచ్చి, సైటు పేరుకు రాకపోతే అది డీఎన్‌ఎస్ లోపం. పేర్లను చిరునామాలుగా మార్చే ఈ వ్యవస్థను 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు. పోర్టు 53. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ స్థానంలో గూగుల్ 2009లో ప్రారంభించిన 8.8.8.8 లేదా క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న ప్రారంభించిన 1.1.1.1 నింపితే ఇది తొలగుతుంది. ‘పింగ్ అంకెకు వస్తోంది, పేరుకు రావడం లేదు, లోపం ఎక్కడ?’ అనే ప్రశ్న కంప్యూటర్ పరిజ్ఞాన విభాగంలో అడగడానికి అనువైనది.

తేదీ, భద్రతా ధ్రువపత్రం

పాత యంత్రాల విషయంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది. దీపాలన్నీ వెలుగుతాయి, పింగ్ వస్తుంది, సైటు మాత్రం ‘సురక్షితం కాదు’ అని నిలిచిపోతుంది. కారణం తరచుగా టాస్క్‌బార్ మూలన ఉన్న గడియారం.

మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కాలాన్ని లెక్కిస్తుంది. 2032 అనే పేరులో 20 అంటే మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. ఇది నీరసిస్తే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. కరెంటు కోతల తర్వాతే నెట్ చెడుతోందని ఎవరైనా చెబితే మొదట ఈ బ్యాటరీనే తలచుకోవాలి.

గడియారానికీ సైటుకూ సంబంధం ఏమిటంటే, పోర్టు 443 మీద నడిచే సురక్షిత సైటు ప్రతిదీ తన గుర్తింపుగా ఒక ధ్రువపత్రం చూపుతుంది. దాని మీద అమలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. 2020 సెప్టెంబరు 1న ధ్రువపత్రాల గరిష్ఠ గడువును 398 రోజులకు పరిమితం చేశారు. దీన్ని దశలవారీగా తగ్గించి 2029 మార్చి నాటికి 47 రోజులకు తేవాలని 2025లో నిర్ణయం జరిగింది. కంప్యూటర్ దృష్టిలో ఈరోజు 2009 జనవరి 1 అయితే, నిన్న జారీ అయిన పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకే బ్రౌజర్ దాన్ని తిరస్కరిస్తుంది. గడువు కుదించుకుపోయే కొద్దీ గడియారంలో చిన్న తప్పు కూడా చెల్లదు.

విండోస్ 7 సాధారణంగా 7 రోజులకొకసారి కాలాన్ని అంతర్జాలంతో సరిచూసుకుంటుంది. పోర్టు 123. అయితే తేడా 15 గంటలకు మించితే దానంతట అది సరిదిద్దుకోదు. అందువల్ల తేదీ, నెల, సంవత్సరం ముందు చేతితో దిద్ది, ఆ తర్వాతే ‘అప్‌డేట్ నౌ’ నొక్కాలి. కాలమండలం ప్రపంచ ప్రామాణిక కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందుండేలా చూడాలి. బ్యాటరీ మార్చాలంటే ప్లగ్ పూర్తిగా తీసి, పాత దాని అక్షరాలు ఎటు ఉన్నాయో గమనించి, కొత్తదాన్ని అదే విధంగా అమర్చాలి.

తేదీ సరిగా ఉన్నా దోషం పోకపోతే సైటు పత్రానికి ఆధారమైన మూల ధ్రువపత్రం వైపు చూడాలి. ప్రపంచంలో కోట్లాది సైట్లకు ఉచితంగా పత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన ఒక మూల ధ్రువపత్రం 2021 సెప్టెంబరు 30న కాలం చెల్లింది. నవీకరణలు ఆగిన యంత్రాల్లో కొత్త మూలపత్రం లేక ఆ రోజు నుంచి అనేక సైట్లు మూసుకుపోయాయి.

మూడో కారణం టీఎల్‌ఎస్ అనే గోప్యలేఖన విధానం. టీఎల్‌ఎస్ 1.0 1999లో, 1.1 2006లో, 1.2 2008లో, 1.3 2018లో వెలువడ్డాయి. 2020లో ప్రధాన బ్రౌజర్లు మొదటి రెండింటినీ వదిలేశాయి. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కు తెలిసింది 1.0 వరకే. అంటే సైటు మాట్లాడే భాష ఆ బ్రౌజర్‌కు రాదు. ‘వర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్’ అనే సందేశం ఈ రకానికి గుర్తు. ‘డేట్ ఇన్‌వాలిడ్’ అనేది గడియారానికి గుర్తు. ఈ రెండు సందేశాలను తారుమారు చేయకూడదు.

బ్రౌజర్ల పరిమితి

ఎక్స్‌పీ మీద క్రోమ్ చివరి రూపాంతరం 49, ఫైర్‌ఫాక్స్‌ది 52 ఈఎస్‌ఆర్. విండోస్ 7, 8.1 మీద క్రోమ్ 2023 జనవరిలో 109తో ఆగింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ శాఖకు భద్రతా నవీకరణల గడువును అంతకు మించి పొడిగించారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న విరమణ పొందింది. పాత క్రోమ్ విండోస్‌లోని మూలపత్రాల మీద ఆధారపడుతుంది, ఫైర్‌ఫాక్స్ తన మూలపత్రాలను తనతోనే తెచ్చుకుంటుంది. విండోస్ 7 యంత్రంలో నవీకరించని పాత క్రోమ్ నిరాకరించిన సైటును ఫైర్‌ఫాక్స్ 115 తెరవడానికి ఇదొక కారణం. అందువల్ల రెండో బ్రౌజర్‌తో పరీక్షించకుండా యంత్రాన్ని తప్పుపట్టకూడదు. రెండింటిలోనూ విఫలమైతే ప్రాక్సీ గడిలో ఎవరైనా చిరునామా నింపి ఉంచారేమో చూసి ఖాళీ చేయాలి. ఆ మార్పు మనం చేసింది కాకపోతే వైరస్ పరీక్ష తప్పనిసరి.

ఎక్స్‌పీ యంత్రాన్ని ఏదోవిధంగా నెట్‌కు కలిపినా, బ్యాంకు లావాదేవీలకు, ఆధార్ సంబంధిత పనులకు దాన్ని వాడటం ఎంతమాత్రం తగదు. 2014 తర్వాత బయటపడిన లోపాలకు దానిలో సాధారణంగా కవచం లేదు. అటువంటి యంత్రానికి లినక్స్ గౌరవప్రదమైన రెండో జీవితం. తెలుగువారికి ఇందులో సొంత సంప్రదాయం ఉంది. స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగులోనే నిర్వాహక వ్యవస్థను రూపొందించింది.

ప్రాముఖ్యం

ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం జరిగిన భూసమీకరణలో తుళ్లూరు ప్రాంత రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. వారి కౌలు, ప్లాట్ల వివరాలు, మీ భూమి పోర్టల్‌లోని అడంగల్ ఇప్పుడు తెర మీద చూడాల్సినవే. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాల్లో ఈ పనులకు డిజిటల్ అసిస్టెంట్ అనే పోస్టు ఏర్పడింది. నెట్ నిలిచిపోయినప్పుడు ఆ ఉద్యోగి ముందు నిలబడేది పని మానుకుని వచ్చిన రైతు. కాబట్టి ఈ అంశం మార్కులకే కాక కొలువులో చేరిన మొదటి రోజుకూ అవసరమైనది.

అభ్యర్థులు నెట్ సక్రమంగా ఉన్న రోజునే ఐపీకాన్ఫిగ్, మూడు పింగ్‌లు వేసి చూసి, తమ యంత్రం చిరునామా, గేట్‌వే, పెట్టె మీద వెలిగే దీపాల పేర్లు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. నెట్ ఆగిన రోజు ఆ పేజీతో పోల్చి, ఏ అంకె మారిందో ముందు అక్కడే వెతకాలి.